ఎన్నాళ్ళుంటారని అడగని ఇల్లు

మా వంశంలో ఇంటికొచ్చినవాణ్ణి "ఎన్నాళ్ళుంటారు?" అని అడిగినవాడు లేడు. మా వైపు ఆ ప్రశ్నకి ఒకటే అర్థం, ఎప్పుడు పోతావని. మా తాతగారి హయాంలో ఒక దూరపు చుట్టం బందరు కోర్టులో వాయిదా ఉందని, ఒక పూట తలదాచుకోవడానికి వచ్చాడట. ఆ దావా ఆయన కొడుకుల కాలానికి గాని తేలలేదు. ఆయన మాత్రం మా ఇంట్లోనే తిని, మా ఇంట్లోనే ముసలివాడై, మా వాకిట్లోంచే కాటికి వెళ్ళాడు. అన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. మా ఆస్తి కరిగిపోవడానికి జనం రకరకాల కారణాలు చెబుతారు. పేకాట అంటారు, దాయాదులంటారు. ఈ అడగకపోవడం కూడా ఒక కారణమని నాకు తెలుసు. తెలిసీ గర్వపడతాను.

ఇప్పుడు మిగిలింది ఇంటిపేరు ఒక్కటే. పామర్రు దగ్గర ఒక పంటకాలువని ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. అందులో పారే నీళ్ళు మాత్రం మా పొలాలకి పోవు, ఎందుకంటే పొలాలు లేవు. నేనూ మా ఆవిడా భవానీపురంలో ఒక మేడ మీద రెండు గదుల వాటాలో ఉంటున్నాం. కింద ఇంటి ఓనరు ఉంటాడు. కైకలూరు వైపు నుంచి వచ్చిన చేపల వ్యాపారి. ఒకప్పుడు వాళ్ళ నాన్న మా చెరువులో చేపలు పట్టుకోవడానికి మా నాన్నగారి ముందు నిలబడి అనుమతి అడిగేవాడు. ఆ సంగతి ఈయన ఎన్నడూ ఎత్తడు. నన్ను "బాబుగారూ" అనే పిలుస్తాడు. అద్దెకున్నవాణ్ణి బాబుగారూ అనే ఓనరు విజయవాడ మొత్తంలో ఇంకొకడుంటాడని నేననుకోను. తిట్టినా ఇంతకంటే సుఖంగా ఉండేది.

మొన్న చలికాలంలో ఈ రెండు గదుల ఇంటికి ఒక ఇంగ్లీషువాడు వచ్చాడు.

ఎందుకు వచ్చాడో చెప్పాలి. మా తమ్ముడు పోయాక వాడి కూతురికి పెద్దదిక్కు నేను. అది రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తుంది. ఆ ల్యాబ్‌కి ఒక విదేశీ కంపెనీ తరఫున ఈయన వచ్చాడు. ఇద్దరూ ఒకే చెరువు నీళ్ళలోకి చూసి చూసి, చివరికి పెళ్ళి చేసుకుందామనుకున్నారు. మా మరదల్ని అడిగితే "బావగారి మాటే నా మాట" అంది. పిల్ల నా దగ్గరికి వచ్చి, ఇంకా స్పష్టంగా చెప్పింది.

"పెదనాన్నా, నువ్వు సరేనంటేనే చేసుకుంటా. కాదంటే కాదు."

"కాదంటే ఏం చేస్తావు?"

"ఏం చేస్తాను, నీళ్ళు పరీక్షించుకుంటూ ఉంటాను."

నవ్వుతూనే అంది గాని, కళ్ళు నవ్వలేదు. తల్లిని వదిలి సముద్రం దాటనని కూడా ఆ నోటితోనే చెప్పింది. కాబట్టి నేను తేల్చుకోవలసింది ఒక్కటే. ఈ మనిషి ఇక్కడ ఎన్నాళ్ళుంటాడు? కంపెనీ పని అయిపోయిన మర్నాడు విమానం ఎక్కేస్తే మా పిల్ల గతేమిటి?

అడగవలసింది ఆ ఒక్క ప్రశ్న. మా ఇంట్లో అడగకూడనిదీ అదే.

నాకు ఇంగ్లీషు వచ్చు. బెంజ్ సర్కిల్ దగ్గర బోర్డులు కట్టిన కోచింగ్ సెంటర్లలో నేర్చుకున్నది కాదు. మా నాన్నగారు నా కోసం ఒక మాస్టారిని ఇంటికి రప్పించి చెప్పించారు. ఆ మాస్టారు నేర్పిన ఇంగ్లీషు ఇంగ్లండులోనే ఎప్పుడో కాలం చేసిందని నాకు ఈ అతిథి ద్వారా తెలిసింది.

మనిషి ఆరడుగుల పైమాటే. మా గుమ్మం దగ్గర వంగి, లోపలికొచ్చి, నిటారుగా నిలబడి, నా చెయ్యి పట్టుకుని "ఎట్ లాంగ్ లాస్ట్!" అన్నాడు. అంటే ఎంతో దీర్ఘకాలం ఎదురుచూశాక ఎట్టకేలకు అని. నా సంగతి మా పిల్ల ఆయనకి చెప్పింది దసరాకి. మధ్యలో దీపావళి ఒక్కటే వచ్చింది. అహల్య కూడా రాముణ్ణి చూసి ఇంత హడావుడి చేసి ఉండదు.

పెళ్ళి మాటలు జరిగేచోట పిల్ల ఉండకూడదని మా ఆవిడ దాన్ని పామర్రు బస్సెక్కించి తల్లి దగ్గరికి పంపేసింది. నేనూ ఆయనా ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన "లాంగ్ స్టోరీ షార్ట్" అని మొదలుపెట్టాడు. పెద్ద కథని కుదించి చెబుతానని అర్థం. ఆ కుదించిన కథలో వాళ్ళ తాతగారి తోట, చిన్నప్పటి కుక్క, మూడు దేశాల్లో ఉద్యోగాలు అన్నీ ఉన్నాయి. మా ఆవిడ పెట్టిన కాఫీ చల్లారి, మళ్ళీ వెచ్చబెట్టి, మళ్ళీ చల్లారింది. కుదించకపోతే ఏమయ్యేదో ఊహించడానికి నాకు ధైర్యం చాలలేదు.

రొయ్యల చెరువుల వల్ల చుట్టుపక్కల వరి పొలాలు ఉప్పుబారిపోతున్నాయి కదా అన్నాను. "ఇన్ ది లాంగ్ రన్" అంతా సర్దుకుంటుందన్నాడు. వాళ్ళ భాషలో ఇదొక గొప్ప మాట. ఎప్పుడో, ఎక్కడో, చాలా దూరం వెళ్ళాక సంగతి. ఎంత దూరమో చెప్పరు. అక్కడికి చేరేసరికి చెప్పినవాడూ ఉండడు, విన్నవాడూ ఉండడు. మన నాయకులకి ఈ మాట ఇంకా చేరినట్టు లేదు. చేరితే "త్వరలో" అనే మాట ఒక్కసారిగా మానేస్తారు.

తర్వాత మా కుటుంబం ఈ ప్రాంతంలో ఎన్నాళ్ళుగా ఉందని అడిగాడు. నాకు తగిన ప్రశ్న అడిగినవాడు చాలా రోజులకి దొరికాడు. మా పూర్వీకులకి భూములిచ్చినప్పుడు ఆచంద్రార్కం అని రాసిచ్చారని చెప్పాను. సూర్యచంద్రులు ఆకాశంలో ఉన్నంతకాలం ఈ భూమి మీది, మీ సంతతిది అని.

ఆయన ఆ మాటకి నిజంగా ముచ్చటపడ్డాడు. "మరి నిలిచిందా?" అన్నాడు.

"సూర్యచంద్రులు నిలిచారు," అన్నాను.

చీకటి పడే వేళకి ఆయన లేచి నిలబడి, "ఐ మస్ట్‌న్ట్ కీప్ యూ ఎనీ లాంగర్" అన్నాడు. మిమ్మల్ని ఇంకా నిలిపి ఉంచకూడదు, ఇక సెలవు అని దాని భావం. ఇంగ్లీషువాడు వెళ్ళాలనుకున్నప్పుడు తనకి పనుందని చెప్పడు. మనకేదో పనున్నట్టు మాట్లాడతాడు. మనకి పనేమీ లేదన్న సంగతి రెండు గదులూ చూస్తే తెలుస్తూనే ఉంది.

దానికి నేనేమనాలి? మా ఇంటి గుమ్మంలో నిలబడి సెలవు అన్నవాడికి మా నాన్నగారు ఏమన్నారో, ఆయన నాన్నగారు ఏమన్నారో అదే అన్నాను.

"అప్పుడేనా? ఏం తొందర? నాలుగు రోజులుండి వెళ్ళండి."

ఈ మాటకి తెలుగువాడెవడైనా "అయ్యో, మళ్ళీ వస్తానండీ" అంటాడు. "అట్లా అంటే ఎలా" అని మనం అంటాం. "ఈసారి తప్పకుండా" అని ఆయన అంటాడు. వీధి చివరిదాకా సాగనంపి వస్తాం. వందల ఏళ్ళుగా ఇది ఇలా నడుస్తోంది, ఇంతవరకు ఒక్క ప్రమాదం జరగలేదు.

ఆయన నా మొహంలోకి చూశాడు. "నిజంగానా సర్?"

"మీ ఇల్లే అనుకోండి."

అనుకున్నాడు. కూర్చున్నాడు. గాంధీనగర్‌లో దిగిన హోటలుకి ఫోన్ చేసి, సంచి ఇక్కడికి పంపించమన్నాడు.

వంటింటి తలుపు దగ్గర మా ఆవిడ నన్ను చూసిన చూపు గురించి రాయను.

ఆయనకి ముందు గదిలో చెక్క బల్ల వేశాం. కాళ్ళు మోకాళ్ళ కింద నుంచి గాల్లో ఉన్నాయి. వాటి కింద ఒక స్టూలు పెట్టాం. మర్నాడు పొద్దున్నే, మున్సిపాలిటీ నీళ్ళు వదిలే వేళకి సరిగ్గా, తువ్వాలు భుజాన వేసుకుని "ఐ వోంట్ బి లాంగ్" అని స్నానాల గదిలోకి వెళ్ళాడు. ఆలస్యం చెయ్యనని హామీ. మా ఆవిడ ఖాళీ బిందెతో బయట నిలబడింది. పంపు ఆగిపోయింది. అప్పుడు వచ్చాడు, తాజాగా, చిరునవ్వుతో. ఈ విషయంలో మాత్రం వాళ్ళని ఏమీ అనలేను. "ఇదిగో, వచ్చేస్తున్నా" అని ఫోన్లో చెప్పి అప్పుడు తలకి నూనె రాసుకునే జాతి మనది.

ఆవిడ ఇడ్లీ పెట్టి వంటింట్లోకి వెళ్ళి, చట్నీ గిన్నెతో తిరిగి వచ్చింది. ఆయన ఆవిణ్ణి చూసి "లాంగ్ టైమ్ నో సీ!" అన్నాడు.

"ఏమంటున్నాడండీ?"

"నిన్ను చూసి చాలాకాలమైందంటున్నాడు."

"ఇప్పుడేగా ఇడ్లీ పెట్టి వెళ్ళాను! మతిమరుపేమన్నా ఉందేమో కనుక్కోండి. పిల్లనిస్తున్నాం."

"హాస్యం అది."

"ఓహో," అంది ఆవిడ. గిన్నె కిందపెట్టి, మర్యాద కోసం నవ్వి వెళ్ళిపోయింది.

మనవాళ్ళు కనబడనివాణ్ణి నల్లపూసైపోయారంటారు. ఆ మాటలో కాస్త నగ ఉంది, కాస్త నిష్ఠూరం ఉంది. వాళ్ళదేమో తంతి ఆఫీసులో మాటకింత అని కట్టి పంపినట్టుంది. ప్రపంచాన్ని ఏలినవాళ్ళకి పలకరింపు దగ్గర ఇంత పిసినారితనం ఎందుకో!

ఆ సాయంత్రం ఆయన మళ్ళీ లేచి, మిమ్మల్ని నిలిపి ఉంచకూడదన్నాడు. నేను మళ్ళీ అప్పుడేనా అన్నాను. ఆయన మళ్ళీ కూర్చున్నాడు. ఆ మర్నాడు కూడా అంతే. కూర్చునేటప్పుడు ఆయన మెడ పట్టేసినట్టు ఒక పక్కకి ఉండడం గమనించాను. బల్ల అలవాటు లేక అనుకున్నాను.

ఈ లోపల కింద నుంచి ఓనరు ఒక పెద్ద కొరమేనుని మొప్పల్లోంచి తాడు కట్టి పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"బాబుగారూ, దొరగారు దిగారంట కదండీ. కొల్లేటి సరుకు. ముల్లు తక్కువ. నా పేరు చెప్పుకుని పులుసు పెట్టించండి."

దొరగారు! ఈ డెల్టాలో ఆ మాట ఒకప్పుడు ఎవర్ని అనేవారో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. చేపని కాదనడానికి నోరు తెరిచాను. మా ఆవిడ అప్పటికే అందుకుంది.

ఓనరు మెట్ల మీద ఆగి గొంతు తగ్గించాడు. "ఎన్నాళ్ళుంటారండీ దొరగారు?"

"మా ఇంట్లో ఆ మాట అడగరండీ," అన్నాను, నిటారుగా.

"అయ్యయ్యో, తప్పుగా అనుకోకండి బాబుగారూ. మోటారు ఎన్నిసార్లు వెయ్యాలోనని. ట్యాంకు పొద్దున్నే ఖాళీ అయిపోతోందండీ."

పులుసు మా అతిథి చేత్తోనే తిన్నాడు. ముల్లు తియ్యడం మా పిల్ల నేర్పి ఉంటుంది, బాగానే తీశాడు. ఆయన చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళగానే మా ఆవిడ నా పక్కకొచ్చి కూర్చుంది.

"ఏవండీ, ఆ అప్పుడేనా అనే మాట మీరు అనకుండా ఉంటే ఆయనే పోతాడు."

"అనకపోతే అవమానం."

"ఎవరికి?"

"ఇంటికి."

"ఏ ఇంటికండీ? ఇది అద్దె ఇల్లు. అవమానమైతే కింద ఆయనకవుతుంది. ఆయన మోటారు లెక్క చూసుకుంటున్నాడు."

నేను అన్నంలో మజ్జిగ పోసుకున్నాను.

"పోనీ ఇంట్లో సంగతి వదిలేద్దాం," అంది ఆవిడ. ఈసారి గొంతులో వెటకారం లేదు. "పిల్ల రోజూ ఫోన్ చేస్తోంది. పెదనాన్న ఏమన్నారని అడగదు. కూరేం చేశావు పెద్దమ్మా అంటుంది. ఇవాళ ఆ మాట కూడా అనలేక పెట్టేసింది. ఆయన ఉంటాడో పోతాడో అడిగి తేల్చకుండా, మీరు రోజూ ఆయనకి సూర్యచంద్రుల కథ చెబుతున్నారు."

"గడప లోపల ఉన్నవాణ్ణి ఎలా అడగను?"

"గడప లోపల అడగొద్దు. రేపు పాలపాకెట్టుకి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి. బయట ఎవరు ఎవరికి అతిథి?"

మా వంశంలో ఇంతమంది పుట్టారు, దివాన్లని పెట్టుకున్నారు, ప్లీడర్లని పెట్టుకున్నారు. ఈ తర్కం ఒక్కడికీ తట్టలేదు. తట్టి ఉంటే ఆ కోర్టు చుట్టాన్ని ఒకరోజు కాలువ గట్టుకి షికారు తీసుకెళ్ళేవారు.

మర్నాడు పొద్దున్న ఇద్దరం నడుచుకుంటూ కృష్ణ ఒడ్డు వైపు వెళ్ళాం. మంచు ఇంకా విడలేదు. రోడ్డు పక్కన టీ బండి దగ్గర రెండు గ్లాసులు చెప్పాను. తలమీద చూరు లేదు, కింద గడప లేదు. రెండూ లేవని రూఢి చేసుకున్నాక అడిగాను.

"ఒక మాట అడుగుతాను. మా ఇంటి సంగతి కాదు. మా పిల్ల దగ్గర, ఈ దేశంలో, మీరు ఎన్నాళ్ళుంటారు?"

ఆయన గ్లాసు దించాడు. "ఇన్ ది లాంగ్ రన్..." అని మొదలుపెట్టాడు.

"పరుగులు వద్దు," అన్నాను.

"యాజ్ లాంగ్ యాజ్ షీ..." అన్నాడు. ఆమె ఉండమన్నంతకాలం అని చెప్పబోయాడు కాబోలు.

"ఆ బరువు దాని మీద పెట్టకండి. మీ సంగతి చెప్పండి."

ఆయన దగ్గరున్న పొడుగు మాటలన్నీ అక్కడికి అయిపోయాయి. ఏటివైపు చూస్తూ నిలబడ్డాడు. టీ మీద మీగడ కట్టింది. నేను తొందరపెట్టలేదు. తొందరపెట్టడం మా ఇంట్లో అలవాటు లేదు.

చివరికి చాలా చిన్న మాటల్లో చెప్పాడు. కంపెనీతో ఒప్పందం రెండేళ్ళలో ముగుస్తుంది. పొడిగిస్తారో లేదో తెలియదు. ఆమె తల్లిని వదిలి రాదు, రమ్మని తానూ అడగడు. ఇక్కడే ఇంకో పని వెతుక్కోవాలి, దొరుకుతుందో లేదో తెలియదు. దొరక్కపోతే ఎలా బతుకుతాడో తెలియదు.

"వెళ్ళిపోవాలని మాత్రం లేదు సర్," అన్నాడు. "మీ ఇంట్లోంచి మాత్రం రోజూ వెళ్ళాలనే చూశాను. మీరు ఉండమంటున్నారు. కాదంటే మీ మనసు కష్టపడుతుందని ఆమె చెప్పింది. మీ మనసు కష్టపడితే ఆమె నాకు దక్కదు. నాకా బల్ల మీద నిద్ర పట్టి చాలా..." అని, చాలా ఏమిటో చెప్పకుండా ఆగిపోయి, మెడ రుద్దుకున్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఒకడు ఉండలేక, ఒకడు ఉంచుకోలేక, ఒకరి మర్యాద కోసం ఒకరం అన్ని రోజులు ఆ రెండు గదుల్లో ఖైదు అనుభవించాం. మా ఇద్దరి మధ్యా మా ఆవిడకి నీళ్ళు లేవు.

నేను పక్కకి వెళ్ళి మా పిల్లకి ఫోన్ చేశాను. మొదటి గంటకే ఎత్తింది.

"ఎన్నాళ్ళుంటాడని అడిగాను," అన్నాను.

"నువ్వా?" అంది. నేను ఎవరినైనా ఆ ప్రశ్న అడిగానంటే అది నమ్మడానికి కొంచెం సమయం పడుతుంది మరి.

"ఏమన్నాడు పెదనాన్నా?"

"తెలియదన్నాడు."

"నాతోనూ అదే అన్నాడు. నేను గట్టిగా అడిగితే, అబద్ధం చెప్పమంటావా అన్నాడు."

"మరి నీకు భయం లేదా?"

"ఉంది," అంది. "నువ్వు కాదంటావనే భయం దానికంటే ఎక్కువుంది."

మా వంశంలో పెళ్ళిళ్ళకి ఎన్ని గట్టి మాటలు ఇచ్చి పుచ్చుకున్నారో నాకు తెలుసు. ఏడేడు జన్మలన్నారు, నూరేళ్ళన్నారు. ఆ మాట ఇచ్చి, ఆరు నెలలకి ఇంకో ఇల్లు పెట్టిన మహానుభావుల ఫొటోలకి నేను చిన్నప్పుడు దండలు వేశాను. తెలియదని చెప్పి పిల్లనడిగినవాడు మాత్రం నాకు తెలిసి ఇంతకుముందు మా గుమ్మంలోకి రాలేదు.

"మీ అమ్మతో చెప్పు," అన్నాను. "మాఘంలో మంచి రోజులేమున్నాయో పురోహితుణ్ణి అడగమను."

అది ఏడుస్తోందో నవ్వుతోందో ఫోన్లో తెలియలేదు. నేను పెట్టేశాను. టీ బండి దగ్గర నలుగురు చూస్తున్నారు.

వెనక్కి వచ్చి ఆయనకి చెప్పాను. ఆయన నన్ను కౌగిలించుకోబోయాడు. ఒక అడుగు వెనక్కి వేశాను. ఇంటికి వచ్చి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుని, వెంటనే ఇంకో సంగతి జ్ఞాపకం చేసుకుంది.

"అయితే ఇప్పుడు ఈయన మనకి కాబోయే అల్లుడు కదండీ?"

"అవును."

"పెళ్ళి కాకుండా అల్లుడు అత్తవారింట్లో పడుకోవడం ఎక్కడైనా ఉందా?"

లేదు. ఎక్కడా లేదు. మా ఇంట్లో అసలే లేదు. అతిథిని పొమ్మనకూడదు గాని, కాబోయే అల్లుణ్ణి ముహూర్తందాకా గుమ్మం తొక్కనివ్వకూడదు. ఒక ఆచారం కట్టిన ముడిని ఇంకో ఆచారం విప్పింది. పెద్దలు ఏమీ ఆలోచించకుండా పెట్టరు.

"బాబూ, నీ సంచి సర్దుకో," అని ఇంగ్లీషులో చెప్పాను. "ఇది మర్యాద తక్కువై కాదు. ఇక నువ్వు ఈ ఇంట్లో ఉండకూడదు. ఆచారం."

ఆయన మొహంలో వెలుగు చూడాలి. ఆచారాన్ని ఇంత సంతోషంగా పాటించినవాణ్ణి మనవాళ్ళలోనే చూడలేదు. అరక్షణంలో సంచి గుమ్మంలో ఉంది.

కింద ఓనరు గేటు తీసి పట్టుకున్నాడు. ఆటో వచ్చి ఆగింది. హోటలుకే. మెట్ల మీద సంచి తగులుతూ దిగుతుంటే ఆయన మెడ ఇంకా ఒక పక్కకే ఉంది. మా వంశంలో ఎవరూ ఇంకొకరి సామాను మొయ్యలేదు. సంచికి రెండు చెవులున్నాయి, ఒకటి నేను పట్టుకున్నాను. బరువుగా ఉందని కాదు, ఆటోవాడు హారన్ కొడుతున్నాడని.